ఇరువురు తొక్కు సైకిలు

ఒక సైకిలుపై ఇరువురు పోవుట మనకు క్రొత్త కాదు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప - ఏ ఊరి వీధిలోనైనను భర్త తొక్కుచుండగా భార్య వెనుక క్యారియరుపై ఒక ప్రక్కకు కూర్చుండి, ఒడిలో బిడ్డతోనో సంచితోనో సంతకు పోవుట పెద్దలందరు ఎరిగిన దృశ్యమే. నేడు సైకిలు తగ్గి మోటారు సైకిలు వచ్చినది. బండి మారినను కూర్చుండు తీరు మాత్రము పెక్కు ఇండ్లలో మారలేదు. ఈ ఏర్పాటులో ఒకరు తొక్కువారు, ఒకరు బరువు. ఎంత ప్రేమతో తీసికొనిపోయినను బరువు బరువే.

ఇరువురును తొక్కు సైకిలు వేరొకటి కలదు. ఆంగ్లములో దానిని టాండెం అందురు. మనము జోడు సైకిలు అని పిలుచుకొందము. ఒక పొడవైన చట్రము, రెండు చక్రములు, ఒకదాని వెనుక ఒకటిగా రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. ఇంతే దాని స్వరూపము. మన సీమలో అది అరుదు. నగరములలోని ఉద్యానములలోను, విహార స్థలములలోను అద్దెకు దొరకు చోట్లు కలవు. సెలవులకు పోయిన క్రొత్త దంపతులు ముచ్చటపడి ఎక్కుదురు. పది గజములు పోకముందే కాలు క్రింద మోపి, "తప్పు నీది" అని ఒకరు, "కాదు, నీది" అని ఇంకొకరు అందురు. నిజమునకు తప్పు తరచు ఎవరిదియు కాదు. ఆ బండి స్వభావము తెలియకపోవుటయే కారణము. ఆ స్వభావమేమో నేటి ప్రసంగములో చూతము.

ముందుగా దాని పుట్టుక. ముందు చక్రము నిలువెత్తున ఉండు పాత సైకిలు పోయి, రెండు సమాన చక్రములు, వెనుక చక్రమునకు గొలుసు గల సైకిలును ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో రూపొందించెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ గాలి నింపిన టైరును తెచ్చెను. ఆ తరువాతి పది సంవత్సరములలో సైకిలు మధ్యతరగతి ఇండ్లకు చేరినది. జోడు సైకిలును దానితోడనే వ్యాపించినది. 1892లో హ్యారీ డాక్రే అను రచయిత ఈ బండిపై ఒక పాట కట్టెను. గుఱ్ఱపు బండి కొనలేని యువకుడు, జోడు సైకిలు సీటే పెండ్లి బండి అని తన ప్రియురాలిని ఒప్పింపజూచుట అందలి విషయము. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఒక కంప్యూటరు చేత మొట్టమొదట పాడించిన పాట ఇదే యగుట ఒక వింత. ఒలింపిక్ క్రీడలలోను 1908 మొదలు 1972 వరకు, నడుమ విరామములున్నను, జోడు సైకిలు పందెములు జరిగినవి.

ఇక దాని పనితీరు. ముందు పెడళ్ళను, వెనుక పెడళ్ళను కలుపుచు ఎడమ వైపున ఒక గొలుసు ఉండును. వెనుక పెడళ్ళ నుండి వెనుక చక్రమునకు కుడి వైపున మరియొక గొలుసు పోవును. కావున ఇరువురి కాళ్ళును ఒకే వేగమున తిరుగవలయును. ఒకరు తొక్కుట ఆపదలచిన రెండవవారి కాళ్ళును ఆగవలసినదే. వెనుకనున్నవారి చేతిపట్టు కదలదు. అది పట్టుకొనుటకే గాని త్రిప్పుటకు కాదు. త్రిప్పుట, గేరు మార్చుట ముందువారి చేతిలో ఉండును. బ్రేకులును సాధారణముగా వారి అధీనమే. ముందువారికి వెనుక ఏమి జరుగుచున్నదో కనబడదు. వెనుకవారికి ముందున్న వీపు తప్ప దారి కనబడదు. ఒకరికి అధికారము, ఒకరికి నమ్మకము - పని మాత్రము సగము సగము. ఈ బండిపై వచ్చు తగవులన్నియు ఈ ఏర్పాటు నుండియే పుట్టుచున్నవి.

ఇట్టి ఏర్పాటు మన రైతు కుటుంబములకు తెలియనిది కాదు. విత్తనపు గొర్రును తలచుకొనుడు. ముందు భర్త ఎద్దులను తోలును. వెనుక భార్య ఒడిలోని విత్తనములను పిడికిట తీసి జడ్డిగములో పోయుచు నడచును. ఆయన అడుగు వేగమైన విత్తనము పలుచబడును. చెప్పక నిలిపిన విత్తనము ఒకేచోట కుప్పపడును. అందుచేత సాలు చివర తిరుగునపుడు ఆయన ఒక కేక వేయును, ఆమె చేయి ఆపును. ట్రాక్టరు గొర్రు వచ్చిన పిదప ఈ దృశ్యము తగ్గినది గాని, చూచినవారు ఇంకను పెక్కుమంది కలరు. ఆ పొలములో విత్తువారు ఎవరని అడిగిన, ఎద్దులు తోలినవాడే అని ఎవ్వరును అనరు. జోడు సైకిలు నేర్వగోరు దంపతులకు ఇంతకన్న మంచి పాఠము వేరొకటి లేదు.

నేర్చుకొను క్రమము ఇట్టిది. మొదట ముందువారు కాళ్ళు రెండును నేలపై ఎడముగా మోపి, రెండు బ్రేకులను గట్టిగా పట్టుకొని, బండిని నిటారుగా నిలుపవలయును. అప్పుడు వెనుకవారు ఎక్కి సీటుపై కూర్చుండి రెండు పాదములును పెడళ్ళపై ఉంచవలయును. ఈ క్షణమున మొత్తము బరువు ముందువారి కాళ్ళపైనే ఉండును, వారు కదలరాదు. వెనుకవారు పెడళ్ళను వెనుకకు త్రిప్పి ముందువారి కుడి పెడలును పైకి తెచ్చి ఇయ్యవలయును. పిమ్మట "తొక్కుదమా?" అని ఒకరు, "తొక్కు" అని ఒకరు. ఆ రెండవ మాట వినబడక బండి కదలరాదు. మొదటి తొక్కుడు ఇరువురిదియు ఒకటే అయినపుడు బండి తిన్నగా సాగును. తొలి రెండు గజములే కష్టము. వేగము వచ్చినకొలది తూగుట తగ్గును.

కదలిన పిదప కావలసినది మాట. గతుకు వచ్చిన "గుంత", ఆపదలచిన "ఆపుతాండా", కాళ్ళకు విరామమీయదలచిన "నిలుపు", మలుపు వచ్చిన "ఎడమకు", "కుడికి" - మన ఇండ్లలో పలుకు మాటలే చాలును. గుంత కనబడినవారు పిరుదులను కొంచెము పైకి ఎత్తుకొందురు. కనబడనివారికి ఆ అదరు నేరుగా వెన్నెముకకు తగులును. చెప్పక బ్రేకు వేసిన వెనుకవారి ముఖము ముందువారి వీపునకు కొట్టుకొనును. ఒకసారి అట్లు జరిగిన పిదప వెనుకవారు నిశ్చింతగా తొక్కలేరు. ప్రతి క్షణము ప్రక్కకు వంగి దారి చూడ ప్రయత్నింతురు. వారు వంగినకొలది బండి ఊగును. ఊగినందుకు ముందువారు కోపింతురు. చెప్పవలసిన ఒక్క మాట చెప్పనందున ఇంత జరుగును.

వెనుకవారికిని కర్తవ్యములు కలవు. ముందువారి చేతులు ఖాళీగా ఉండవు గనుక మలుపు వచ్చినపుడు చేయి చాచి సంజ్ఞ చేయుట వీరి పని. వెనుక లారీ వచ్చుచున్నదా, బస్సు వచ్చుచున్నదా తిరిగి చూచి చెప్పుటయు వీరి పనియే. హఠాత్తుగా ప్రక్కకు ఒరగరాదు. "నీవు తొక్కుట లేదు" అను నింద ఈ బండిపై తరచుగా వినబడును. ఎత్తు ఎక్కునపుడు ముందువారికి తన శ్రమయే తెలియును గాని వెనుకవారి శ్రమ కనబడదు. కనబడని శ్రమను లేదనుకొనుట ఇంటిలోను జరుగుచున్నదే.

వస్త్రధారణ గురించి ఒక మాట. క్యారియరుపై ఒకవైపునకు కూర్చుండినపుడు చీర చెంగు చువ్వలలో చిక్కి ప్రమాదములు జరుగుట మనము ఎరుగుదుము. జోడు సైకిలుపై ఇరువైపులను గొలుసులు తిరుగును గనుక జాగ్రత్త మరింత అవసరము. కుచ్చెళ్ళు పైకి దోపి కట్టుకొని పనిలోకి దిగుట మన పల్లె స్త్రీలకు అలవాటైనదే. చుడీదారు ధరించువారు చున్నీని వీపు వెనుక ముడివేసికొనవలయును.

మన సీమకు ప్రత్యేకమైన విషయములు కొన్ని కలవు. జోడు సైకిలుపై ఇద్దరి బరువు 120 కిలోలు, బండి బరువు 25 కిలోలు అనుకొన్నను మొత్తము 145 కిలోలు రెండే టైర్లపై పడును. పల్లేరు కాయలు, తుమ్మ ముండ్లు ఉన్న దారిలో ఆ టైర్లు నిలువవు. కావున బాటసారి దారి కన్న తారు రోడ్డు మేలు. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి వాన పడిన మరునాడు మడ్‌గార్డులో నిండి చక్రమును తిరుగనీయదు. ఆషాఢమున వీచు పడమటి గాలికి ఎదురు పోవునపుడు మాత్రము ఈ బండి గొప్పతనము తెలియును. గాలిని చీల్చు శరీరము ఒకటే, తొక్కు కాళ్ళు నాలుగు. సమతలమున ఇది ఒంటి సైకిలు కన్న వేగముగా పోవుటకు కారణము ఇదే. ఎత్తు ఎక్కునపుడు మాత్రము ఆ లాభము తగ్గును. దిగునపుడు ప్రమాదము పెరుగును. కడప నుండి రాయచోటికి పోవు దారిలోని గువ్వలచెరువు కనుమ వంటి చోట, సాధారణ బ్రేకులను ఎడతెగక పట్టిన చక్రపు అంచు వేడెక్కి టైరు పగులవచ్చును. కనుమలు దిగుటకు వెనుక చక్రమునకు వేరొక బలమైన బ్రేకు ఉండవలయును. క్రొత్తవారు కనుమల జోలికి పోకుండుటయే మంచిది. కర్నూలు-కడప కాలువ గట్టు చదునుగా ఉన్నదని దానిపై నేర్వబూనుటయు తగదు. తూలిన పడునది నీటిలో.

ఇంకొక ముఖ్య విషయము. జోడు సైకిలు ఎక్కుటకు ముందు ఇరువురికిని ఒంటి సైకిలు తొక్కుట వచ్చి ఉండుట మేలు. తొక్కుట రానివారిని వెనుక కూర్చుండబెట్టిన వారు మరల బరువుగానే మిగులుదురు. 1895లో వివాహమాడిన పియరీ, మేరీ క్యూరీ దంపతులు పెండ్లి కానుకగా వచ్చిన ధనముతో రెండు సైకిళ్ళు కొని ఫ్రాన్సు పల్లెలలో విహరించిరి. ఎవరి సైకిలు వారిదే. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పు ఉద్యమము సాగినది. వేలాది గ్రామీణ స్త్రీలు నేర్చిరి. కూలికి పోవుటకు, నీళ్ళు తెచ్చుటకు, పంట సంతకు చేర్చుటకు వారు వేరొకరి కొరకు ఎదురుచూడవలసిన అగత్యము తగ్గినది. మన రాష్ట్రములోను 2010ల రెండవ సగమున ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిరి. ఆనాడు ఆ సైకిళ్ళపై బడికి పోయిన బాలికలలో కొందరు నేడు గృహిణులు. వారికి హ్యాండిలు పట్టుట క్రొత్త కాదు. పెండ్లి అయినంతనే ఆ విద్యను మరపించి క్యారియరుపై కూర్చుండబెట్టుట ఏమి న్యాయము?

చూపు లేనివారికి జోడు సైకిలు ఒక వరము. పారాలింపిక్ క్రీడలలో అంధులైన క్రీడాకారులు వెనుక సీటున, చూపుగల తోడు ముందు సీటున కూర్చుండి పందెములలో పాల్గొనుచున్నారు. పతకము ఇరువురికిని ఇత్తురు. వెనుకవారి శక్తి ఎంత విలువైనదో ఇందువలన గ్రహింపవచ్చును.

చివరకు అందరు అడుగు ప్రశ్న: ముందు ఎవరు కూర్చుండవలయును? బరువు, ఎత్తు ఎక్కువగలవారు ముందు ఉండిన బండిని నిలుపుట సులభమని అనుభవజ్ఞుల మాట. అది శరీరమునకు సంబంధించిన నియమము మాత్రమే. పురుషుడు ముందు, స్త్రీ వెనుక అను శాస్త్రమేదియు లేదు. కావున కొంత అలవాటు పడిన పిదప, ఖాళీ మైదానములో, ఒక్కసారియైనను సీట్లు మార్చుకొనుడని మా సలహా. ఆమె హ్యాండిలు పట్టి, ఆయన వెనుక కూర్చుండి, ముందు దారి కనబడక, గుంత ఎప్పుడు వచ్చునో తెలియక అర ఫర్లాంగు పోయిన చాలును. ఇన్నాళ్ళు ఆమె ఏ విధముగా కూర్చుండినదో ఆయనకు తెలియును. మరల ముందు సీటుకు వచ్చినపుడు ఆయన నోట "గుంత" అను మాట తప్పక వచ్చును.

జోడు సైకిలు దొరకని ఇండ్లే మన సీమలో ఎక్కువ. అట్టివారును ఈ నియమమును పాటింపవచ్చును. మోటారు సైకిలైనను, ఎద్దుల బండియైనను, అప్పు తెచ్చి బోరు వేయించు ఆలోచనయైనను, పగ్గములు చేతనున్నవారు మలుపునకు ముందే మాట చెప్పవలయును. వెనుకనున్నవారు "సరే" అనువరకు ఆగవలయును. నేర్వదలచినవారికి మార్గశిర పుష్య మాసముల ఉదయములు, సెలవునాటి బడి మైదానము అనుకూలమైనవి. టైర్లలో గాలి చూచుకొనుడు, సీసాతో నీళ్ళు తీసికొనిపొండు, ఎండ ముదరకముందే ఇల్లు చేరుడు.