గాలికి లొంగిన బండి



చెరువునీటిలో నొక పలకను అడ్డముగా బట్టి యీడ్చినచో చేయి నొచ్చును. అంచు ముందునకు త్రిప్పి యీడ్చినచో సుళువుగా వచ్చును. గాలియు నీటివలెనే యడ్డగించును. బండి వేగము రెండింతలైనచో నిరోధము నాలుగింతలగును. దానిని నెగ్గుటకు యంత్రమునకు ఎనిమిదింతల శక్తి కావలెను. పెద్ద యంత్రమును కొనలేనివాడు బండి యాకారమునే దిద్దుకొనవలెను.

అమెరికాలో కాలిఫోర్నియా యెడారియందు ఎండిన చెరువులు గలవు. అచ్చట స్వయముగా కట్టిన బండ్లతో పందెములు నడుపుదురు. 1946లో బిల్ బర్క్ అను నాతడు యుద్ధవిమానముల క్రింద వ్రేలాడదీయు పెట్రోలుతొట్టికి చక్రములు బిగించెను. మొదటి బండిలో యంత్రము ముందుండెను. తాను తొట్టిపైన గాలి కెదురుగా గూర్చుండెను. తరువాత మరింత పెద్ద తొట్టి తెచ్చి, మనిషిని లోపలికి దించి, యంత్రమును వెనుకకు జరిపెను. ఆ జాతి బండి యొకటి 1952లో బాన్విల్ ఉప్పుమైదానమున గంటకు దాదాపు 198 మైళ్ళు పరుగెత్తెను. ఆ తొట్టి ముందు గుండ్రము, వెనుక సన్నము. వానచినుకువంటి దందురు గాని నిజమైన చినుకు అట్లుండదు. చేపయే మంచి పోలిక.

నేనును పాతయినుముతో నొక చిన్నబండి కట్టితిని. తెలియక ముందుభాగమును సూదిమొనవలె దిద్దితిని. పెట్రోలు గ్రుక్కెడైనను మిగులలేదు. పిమ్మట బండి యొడలంతయు ఉన్నిదారపు తునకలు అంటించి, మనుమని మోటారుసైకిలుపై ప్రక్కన రమ్మంటిని. "తాతా, ముందరి దారములు పడుకొన్నవి, వెనుకవి పూనకము వచ్చినట్లు ఊగుచున్నవి" అని వాడు కేకవేసెను. మొండిగా తెగిన వెనుకభాగమున గాలి సుడులు తిరిగి బండిని వెనుకకు లాగుచుండెను. లోపము ముక్కున గాదు, తోకలో నున్నది.

వెదురుబద్దలతో, గుడ్డతో నాలుగు మూరల తోక కట్టితిని. వీధివారు నవ్విరి. పెట్రోలు మిగిలెను. కాని కాలువగట్టు మలుపున బండి త్రిప్పగా తోక విసురుగా ప్రక్కకు జరిగి మనుమని తాకెను. వాడు కాలువలో పడెను. ఈత వచ్చును గనుక గట్టెక్కెను. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

జర్మనీలో వునిబాల్డ్ కామ్ అను శాస్త్రజ్ఞుడు 1930వ దశకముననే మార్గము చూపియుండెను. తోకను కొసదాక సాగదీయ నక్కరలేదు. గాలి యంటిపెట్టుకొని వచ్చునట్లు మెల్లగా కొంతదూరము సన్నము చేసి, అచ్చట నిలువుగా కోసివేసినను లాభములో ఎక్కువభాగము నిలుచును. ఇది చదివియు లెక్కచేయనైతిని. మరునాడే రంపము తీసితిని. రెండున్నర మూరలు పోయెను. దారములు కోసిన చోటిదాక పడుకొనియే యున్నవి. ఈమాటు వానిని చూచుటకు మనుమని పిలువలేదు. బండిపై చిన్న కెమెరా కట్టితిని.