కీళ్లవాతం మందులు, మన యాంటీబాడీలు

పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి గంట దాటినా వదలడం లేదా? అది వయసు నొప్పి కాకపోవచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతంలో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. చాలామంది రోగుల రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే యాంటీబాడీలు కనిపిస్తాయి.

దీనికి సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలో దాని మీద పనిచేసింది. ఎంత గర్వకారణం! మందు పట్టినవారిలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ తరచు తగ్గుతుంది, యాంటీ సీసీపీ అంతగా తగ్గదు. రిటుక్సిమాబ్ అనే మరో మందు అయితే యాంటీబాడీలు తయారుచేసే కణాలకు మూలమైన బి కణాలనే తొలగిస్తుంది. అప్పుడు టీకాలు సరిగా పట్టవు. వీలైతే ఆ మందు మొదలుపెట్టక ముందే వేయించుకోండి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భిణులు వాడకూడదు. డాక్టరును అడగకుండా మందు మానకండి.