కళ్ళు తిరిగితే కంటి జబ్బా?



మా అమ్మాయిది తెలుగు మీడియం చదువు. మెడికల్ కాలేజీలో చేరిన నెల తిరక్కుండానే "నావల్ల కాదమ్మా, వచ్చేస్తాను" అని ఫోనులో ఏడ్చింది. ఒంట్లో 206 ఎముకలు. ఒక్క మణికట్టులోనే 8! అన్నీ నోరు తిరగని పేర్లే.

ఆదుకున్నది హాస్టల్ గదిలో తోడున్న పిల్ల. పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివింది. రాత్రిళ్ళు మా అమ్మాయి మణికట్టే పట్టుకుని, ఏ ఎముక ఎక్కడో వేలితో తడిమి చెప్పేదట. మర్నాడు తిరిగి చెప్పించుకునేది. కబుర్లతో పొద్దుపుచ్చుతున్నారని నేను కోప్పడ్డాను కూడా. "చెప్పబోతేనే తెలుస్తోందమ్మా, నాకేది రాదో" అంది మా పిల్ల.

రెండో ఏడు వార్డులో ఆ బాకీ తీరింది. ఒక ముసలమ్మ "కళ్ళు తిరుగుతున్నాయి తల్లీ" అంటే, పట్నం పిల్ల కంటి జబ్బని రాసుకోబోయింది! మా అమ్మాయి గభాల్న చెయ్యి పట్టుకు ఆపింది. ఆ రాత్రినుంచి పాఠం తిరగబడింది. గుండె దడ, కడుపులో దేవడం, పక్కలో పోటు... మా అమ్మాయి చెప్పడం, ఆ పిల్ల రాసుకోవడం. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక స్థానిక భాషా నేర్పమంది గాని, ముసలమ్మల మాటలన్నీ తరగతి గదికి అందుతాయా?

మొన్న సెలవులకి మా ఇంటికొచ్చి, పుస్తకం తెరిచి అడిగింది: "ఆంటీ, ఒంట్లో నలతగా ఉందంటే సరిగ్గా ఏమిటి?"

ముప్ఫై ఏళ్ళుగా అంటున్న మాటే. అరగంట తంటాలు పడ్డాను.