ఇల్లే విడిది అయినప్పుడు



ఇంట్లో ఖాళీగా ఉన్న ఒకటి రెండు గదులను యాత్రికులకు రోజు లెక్కన అద్దెకిచ్చే పద్ధతి ఇప్పుడు దేశమంతటా వ్యాపించింది. దీన్ని హోమ్‌స్టే అంటున్నారు. అరకు లోయలో, కొడగులో, మున్నార్‌లో, సిమ్లా కొండల్లో, గోవా తీరంలో ఈ బోర్డులు మీరు చూసే ఉంటారు. మీలో కొందరి ఇళ్లలో కూడా ఇలాంటి ఆలోచన జరుగుతూ ఉండవచ్చు. "మన ఇల్లు, మన గది. ఎవరికో రెండు రోజులు ఇస్తే మధ్యలో పంచాయతీ ఎందుకు, పోలీసులెందుకు, పర్యాటక శాఖ ఎందుకు?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

పాత నియమాలు ఏం చెప్పాయి?

బాటసారికి నీడ ఇవ్వడం మన దేశంలో పుణ్యకార్యంగా సాగింది. సత్రాలు, సరాయిలు అలా వెలిసినవే. డబ్బు తీసుకొని అన్నం పెట్టి, బస ఇచ్చే పూటకూళ్ల ఇళ్లు కూడా తెలుగు ఊళ్లలో ఉండేవి. పుణ్యానికి చేసినా, డబ్బుకు చేసినా, ఈ పనికి నియమాలు మాత్రం చాలా పాతకాలం నుంచే ఉన్నాయి.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర పాలనకు సంబంధించిన అధ్యాయం ఒకటుంది. దాని ప్రకారం తన ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో గృహస్థు అధికారికి తెలపాలి. తెలపకపోతే ఆ రాత్రి జరిగిన నేరంలో అతనికీ బాధ్యత ఉంటుంది. ఏ నేరమూ జరగకపోయినా 3 పణాల జరిమానా తప్పదు. నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి వంటివి సిద్ధంగా ఉంచుకోవాలన్న అగ్నిప్రమాద జాగ్రత్తలు కూడా అదే అధ్యాయంలో ఉన్నాయి. మంట లేచినప్పుడు ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు జరిమానా. యజమాని బాధ్యత రెట్టింపు అన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

ఇక 1867లో బ్రిటిష్ ప్రభుత్వం సరాయిల చట్టం చేసింది. సరాయి నడిపేవాడు జిల్లా మేజిస్ట్రేటు వద్ద దాన్ని నమోదు చేయించాలి. బస చేసిన వారెవరికైనా అంటువ్యాధి సోకితే వెంటనే దగ్గరలోని పోలీసు స్టేషనుకు కబురు పంపాలి. గదులను, బావులను శుభ్రంగా ఉంచాలి. కాపలావాళ్లను పెట్టాలి. ధరల పట్టిక అందరికీ కనిపించేలా వేలాడదీయాలి. దొంగలు లోపలికి దిగడానికి వీలుగా ఉన్న చెట్లనూ, కొమ్మలనూ కొట్టివేయాలి.

కొమ్మల సంగతి వినగానే మీకు నవ్వు రావచ్చు. కాని ఆ నియమం రాసినవారు నిద్రపోతున్న బాటసారిని దృష్టిలో పెట్టుకున్నారు. అతనికి ఆ ఊరు కొత్త. ఏ గోడ ఎత్తు తక్కువో, ఏ కొమ్మ లోపలికి వంగి ఉందో అతనికి తెలియదు. అది తెలిసినవాడు సరాయి యజమాని. కాబట్టి బాధ్యత అతనిది.

ముగ్గురి రక్షణ

ఈ పాత నియమాలనూ, ఇప్పటి నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు ప్రతి నిబంధన వెనుకా ముగ్గురిలో ఎవరో ఒకరు కనిపిస్తారు. మొదటివాడు అతిథి. రెండవవాడు పొరుగువాడు. మూడవది ఊరు, అంటే అక్కడి నేల, నీరు, శాంతిభద్రతలు, ఉమ్మడి ఖజానా. ఇల్లు మనదే అయినా, డబ్బు తీసుకొని కొత్తవారికి గది ఇచ్చిన రోజు నుంచి మన నిర్ణయాల ప్రభావం ఈ ముగ్గురి మీదా పడుతుంది. అందుకే నిబంధనను చదివేటప్పుడు "ఇది ఎవరిని కాపాడుతోంది?" అని అడగడం అలవాటు చేసుకోండి. అప్పుడు అది గుర్తుండటమే కాదు, అర్థమవుతుంది కూడా.

ఒక ఉదాహరణ: విశాఖపట్నంలో రెండు గదులు

విశాఖపట్నంలో ఒక కుటుంబానికి మేడ మీద రెండు గదులు ఉన్నాయనుకుందాం. వాటిని యాత్రికులకు ఇవ్వాలనుకుంటున్నారు. వారు ఏమేం చూసుకోవాలి?

మొదట, ఆ హక్కు తమకు ఉందా అన్నది. వారు ఆ ఇంట్లో అద్దెకున్నవారైతే యజమాని అంగీకారం లేకుండా మరొకరికి అద్దెకివ్వకూడదు. అపార్టుమెంటు అయితే సంఘం నియమావళి చూడాలి. లిఫ్టు, మెట్లు, నీళ్ల ట్యాంకు, వాహనాలు నిలిపే చోటు అందరివీ కదా.

రెండవది, నగరపాలక సంస్థ. నివాసానికి కట్టిన ఇంటికీ, వ్యాపారానికి వాడే భవనానికీ ఆస్తిపన్ను ఒకే తీరుగా ఉండదు. వృత్తి, వ్యాపారాలకు ట్రేడ్ లైసెన్సు ఉంటుంది. తమ గదులు ఏ కోవలోకి వస్తాయో ముందే వెళ్లి అడిగి, జవాబును కాగితం మీద తీసుకోవడం మంచిది.

మూడవది, పర్యాటక శాఖ నమోదు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ఇళ్లలోని బసకు ఒక గుర్తింపు పథకం నడుపుతోంది. ఒకటి నుంచి 6 గదులు, మొత్తం 12 పడకలకు మించని ఇళ్లు దీని కిందికి వస్తాయి. సౌకర్యాలను బట్టి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలన్నది ముఖ్యమైన షరతు. ఎందుకంటే మనిషి ఉన్న ఇంటికీ, తాళం చెవి మాత్రమే చేతులు మారే ఇంటికీ భద్రతలో తేడా ఉంది. ఈ కేంద్ర గుర్తింపు స్వచ్ఛందమైనది. కాని కొన్ని రాష్ట్రాలకు సొంత చట్టాలున్నాయి. పర్యాటక వ్యాపారాల నమోదుకు గోవా 1982లోనే చట్టం చేసింది. కాబట్టి "కేంద్రం ఇచ్చిన పత్రం ఉంది కదా" అని రాష్ట్రం, స్థానిక సంస్థ అడిగే అనుమతులను వదిలిపెట్టకూడదు.

నాలుగవది, అతిథుల రిజిస్టరు. పేరు, చిరునామా, వచ్చిన రోజు, వెళ్లిన రోజు, గుర్తింపు పత్రం వివరాలు రాసుకోవాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. ఎన్నో ఏళ్లు దీన్ని ఫారం-సి అని పిలిచారు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కూడా బస ఇచ్చేవారి మీద ఈ బాధ్యతను ఉంచింది. కౌటిల్యుడు గృహస్థు మీద పెట్టిన బాధ్యతే ఇంకో రూపంలో వచ్చిందన్నమాట. అయితే అతిథి ఇచ్చిన పత్రాల నకళ్లు మన దగ్గర భద్రంగా ఉండాలి. వాటిని బల్ల మీద పడేయడం, ఇతరులకు చూపడం తగదు. అతని వివరాలను కాపాడటం కూడా అతన్ని కాపాడటంలో భాగమే.

ఐదవది, భోజనం, పన్నులు. డబ్బు తీసుకొని అన్నం పెడితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు గురించి తెలుసుకోవాలి. ఏడాది టర్నోవరు సాధారణంగా 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్‌టీ నమోదు అవసరమవుతుంది. కొన్ని ప్రత్యేక రాష్ట్రాల్లో ఈ పరిమితి ఇంకా తక్కువ. అంత ఆదాయం లేకపోయినా, వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను లెక్కల్లో చూపించాలి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, అగ్నిప్రమాద జాగ్రత్త. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కరోల్‌బాగ్‌లో ఒక హోటలు తగలబడి 17 మంది చనిపోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలో ఉన్న విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూములో మంటలు లేచాయి. పొగ పై అంతస్తుల్లోని లాడ్జి గదుల్లోకి కమ్ముకొని 8 మంది ప్రాణాలు కోల్పోయారు. సొంత ఇంట్లో చీకట్లో కూడా మనం తలుపు వెతుక్కోగలం. అతిథికి అది చేతకాదు. రెండవ దారి, మంటలార్పే సిలిండరు, సరైన వైరింగు, గ్యాసు సిలిండరును పెట్టే చోటు అనేవి దరఖాస్తులో నింపే గడులుగా కనిపించవచ్చు. అవసరమైన రాత్రి వాటికి విలువ కట్టలేం.

కొండ ఎక్కితే నిబంధన మారుతుంది

ఇప్పుడు అదే కుటుంబం సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకు వెళ్లి, అక్కడ ఒక గిరిజనుని ఇల్లు లీజుకు తీసుకొని హోమ్‌స్టే నడపాలనుకుంది. ఆ కుటుంబం గిరిజనేతరులదైతే, విశాఖలో నేర్చుకున్న పాఠం ఇక్కడ చాలదు. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనను సవరిస్తూ 1970లో వచ్చిన, మనం '1 ఆఫ్ 70' అని పిలిచే నిబంధన ఇక్కడ అమలులో ఉంది. షెడ్యూల్డ్ తెగల వారికీ, పూర్తిగా వారితోనే ఏర్పడిన సహకార సంఘాలకూ తప్ప ఇక్కడి స్థిరాస్తిని ఇతరులకు బదలాయిస్తే అది చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం మాత్రమే కాదు. తాకట్టు, దానం, లీజు కూడా దాని కిందికే వస్తాయి.

"కాగితాల మీద గిరిజనుని పేరు ఉంచి, వెనుక మనం నడుపుదాం" అనేవారు ఉంటారు. అలా చేస్తే లాభం కొండ దిగి పోతుంది, చిక్కు మాత్రం ఆ గిరిజనుని పేరున మిగులుతుంది. తమ భూమి వడ్డీ వ్యాపారుల, బయటివారి చేతుల్లోకి పోవడం చూసిన ప్రజల కోసం పుట్టిన నిబంధన అది. గిరిజన కుటుంబమే తన ఇంట్లో అతిథులకు బస ఇస్తే ఆ ఆదాయం అక్కడే ఉంటుంది. నిబంధన కోరేది అదే.

ఇలాంటి ఏర్పాటు వేరే చోట్ల కూడా ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను ప్రకారం, ఆ రాష్ట్ర వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. ఇక కొండ నేల బలహీనమైనది కూడా. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లకు పగుళ్లు వచ్చాయి. ఒకదానివైపు ఒకటి ఒరిగిన రెండు హోటళ్లను కూల్చవలసి వచ్చింది. పాత కొండచరియల మట్టి మీద ఉన్న ఊళ్లో ఇంకో అంతస్తుకు అనుమతి అడగడం అంటే, కొండ ఆ బరువు మోయగలదా అని అడగడమే.

పొరుగువారి మాట

పొరుగువారి ఇబ్బంది మొదట చప్పుడుతో, చెత్తతో, నీళ్ల ట్యాంకరుతో మొదలవుతుంది. అది పెరిగితే ఊరి రూపమే మారుతుంది. నెల అద్దె కంటే రోజు అద్దె లాభంగా ఉంటే, స్థానికులకు అద్దె ఇళ్లు దొరకడం కష్టమవుతుంది. ఈ కారణంగానే స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం, పర్యాటకులకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగించాలని 2024 జూన్‌లో ప్రకటించింది. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి నమోదును గట్టిగా అమలు చేస్తోంది. అక్కడ 30 రోజుల లోపు బసకు ఇంటివారు అతిథులతో పాటే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు.

మన ప్రాంతంలో మాల్దీవులది వేరే అనుభవం. చాలా కాలం అక్కడ పర్యాటకులకు రిసార్టు దీవులు, ప్రజలకు వారి దీవులు వేరువేరుగా ఉండేవి. 2009 తరువాత జనం నివసించే దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లకు అనుమతి వచ్చింది. సామాన్యులకు ఆదాయం పెరిగింది. అయితే ఆ దీవుల్లో మద్యం నిషేధం. ఈత దుస్తులతో తిరగడానికి వేరుగా తీరాలు కేటాయించారు. అతిథికి తలుపు తెరుస్తూనే ఊరివారి పద్ధతిని నిలుపుకొనే ప్రయత్నం ఇది.

నిబంధన బరువైతే

"ఇన్ని కాగితాలైతే చిన్న కుటుంబం ఎలా తట్టుకుంటుంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 100 గదుల హోటలుకు రాసిన నియమాన్ని రెండు గదుల ఇంటికి అంటగడితే, ఆ ఇల్లు చాటుగా నడుస్తుంది. అప్పుడు అతిథికీ, పొరుగువారికీ, ఊరికీ కూడా రక్షణ ఉండదు. అందుకే నిబంధనలు కాలానికి తగినట్లు మారాలి, మారుతున్నాయి కూడా. 2010 కామన్‌వెల్త్ క్రీడలను దృష్టిలో పెట్టుకొని ఢిల్లీ 2007లో ప్రత్యేక చట్టం చేసి, ఇళ్లలోని గదుల నమోదుకు దారి ఏర్పరచింది.

అయితే నిబంధనను మార్చమని అడగడం వేరు, దాన్ని దాటిపోవడం వేరు. గ్రామసభలో మాట్లాడవచ్చు. వార్డు సభ్యునికి, శాసనసభ్యునికి విన్నవించవచ్చు. ఏ నియమం ఉందో చెప్పమని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. నమోదైన యజమాని తలెత్తుకొని అడగగలడు. చాటుగా నడిపేవాడు ఏ కార్యాలయం గడపా తొక్కలేడు.

చివరగా మీకొక పని. మీ ఊళ్లో ఎవరైనా ఇంటి గదులను యాత్రికులకు ఇవ్వాలంటే ఏయే అనుమతులు కావాలో పంచాయతీ లేదా పురపాలక కార్యాలయంలో అడిగి రాసుకోండి. కాగితం మీద మూడు గడులు గీసి, ప్రతి నిబంధనను అతిథి, పొరుగువారు, ఊరు అనే మూడింటిలో ఏదో ఒకదాని కింద చేర్చండి. ఏ గడిలోనూ ఇమడని నిబంధన కనిపిస్తే దాన్ని మార్చాలని వాదించండి. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే, అక్కడ ఏ నిబంధన అవసరమో ఆలోచించి మీ ఉపాధ్యాయులతో చర్చించండి.