బొద్దింక కనిపిస్తే మానేస్తాం, టైమ్ కనిపించదు కదా! శంషాబాద్ అర్ధరాత్రి తిండి కథ

ఈ రోజు ఎపిసోడ్ శంషాబాద్ నుంచి. మధ్యమధ్యలో ఫ్లైట్ సౌండ్ వస్తుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

మీరందరూ ఆ రీల్స్ చూసే ఉంటారు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు హోటల్ కిచెన్‌లోకి వెళ్తారు, ఫ్రిజ్ తెరుస్తారు, బొద్దింకలు కనిపిస్తాయి. మనం ‘ఛీ’ అనుకుని నలుగురికి ఫార్వర్డ్ చేస్తాం. ఆ రాత్రే మళ్లీ ఆర్డర్ పెడతాం. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేసింది. ఏ హోటల్లో ఏం దొరికిందో ఎక్స్‌లో పెట్టేవాళ్లు. డేట్ అయిపోయిన సరుకు, లేబుల్ లేని డబ్బాలు, వంటవాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు లేకపోవడం... పేరున్న హోటళ్లు కూడా దొరికాయి.

మంచి పనే. కానీ ఈ రోజు నేను చెప్పేది ఒకటే మాట. మనల్ని ఆస్పత్రికి పంపేది చాలాసార్లు కంటికి కనిపించే బొద్దింక కాదు, కనిపించని టైమ్.

నా ఫ్రెండ్ ఒకడు ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్ నడుపుతాడు. ఒకరోజు రాత్రి రెండింటికి డ్రాప్ అయ్యాక, హైవే మీద ఒక చోట ఫ్రైడ్ రైస్ తిన్నాడు. పేరు చెప్పను. వేడివేడిగా, పొగలు కక్కుతూ ఉంది. టేబుల్ క్లీన్‌గానే ఉంది. తెల్లారకముందే వాంతులు మొదలు. రెండు రోజులు సెలైన్, నాలుగు రోజులు బండి మూలన పడింది. ఆ నెల ఈఎంఐ కట్టడానికి నా దగ్గరే అప్పు తీసుకున్నాడు. కంప్లైంట్ ఇద్దామా అన్నాను. బిల్లు లేదు, ఫొటో లేదు, తిన్నది మిగల్లేదు. ఏం పట్టుకుని ఇస్తాం?

వాడు ఒకటే అడిగాడు: "అన్నా, వేడిగా ఉంది కదా, ఎట్లా పాడైంది?"

ఇదే అసలు పాయింట్. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. అన్నం ఉడికినా దాని స్పోర్స్, అంటే గింజల్లాంటివి, బతికే ఉంటాయి. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట పెడితే అవి మళ్లీ పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్ద మంట మీద ఎగరేసినా బ్యాక్టీరియా చస్తుందేమో కానీ విషం ఉంటుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకి పండగే. వండినదాన్ని ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో అయితే గంట కూడా ఎక్కువే.

"మరి మన చద్దన్నం?" అని కామెంట్ పెడతారు, నాకు తెలుసు. చద్దన్నంలో మజ్జిగో పెరుగో పోసి పులియబెడతాం. ఆ పులుపు చాలా బ్యాక్టీరియాని పెరగనివ్వదు. టబ్‌లో ఊరికే వదిలేసిన అన్నం చద్దన్నం కాదు, రెండూ వేరు.

ఇప్పుడు శంషాబాద్ చూడండి. 2008లో ఎయిర్‌పోర్ట్ వచ్చాక ఈ రోడ్డుకి రాత్రి అనేదే లేదు. ఒంటిగంటకు ఫ్లైట్, మూడింటికి ఫ్లైట్. డ్రైవర్లు, లోడింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, అందరూ తినేది అర్ధరాత్రే. ఆ టైమ్‌కి కస్టమర్ ఎప్పుడొస్తాడో తెలీదు కాబట్టి ముందే వండి పెట్టుకుంటారు. అంటే రిస్క్ ఎక్కువ ఎవరికి? తక్కువ డబ్బుతో, ఆలస్యంగా తినేవాడికి.

మయోనైజ్ సంగతి కూడా ఇంతే. 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్ వైపు మోమోస్ తిని పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. అక్టోబర్ 30న ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. కేరళ 2023లోనే ఆ పని చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు. చూడ్డానికి తెల్లగా, నీట్‌గా ఉంటుంది. ఏ రీల్‌లోనూ అది ‘ఛీ’ అనిపించదు.

మరి తనిఖీలు వేస్టా? కాదు. కానీ ఆఫీసర్ ప్రతి రాత్రి రెండింటికి ప్రతి కిచెన్‌లో ఉండలేడు. శాంపిల్ తీస్తే నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబ్‌కి వెళ్తుంది, రిపోర్ట్ 14 రోజుల్లో ఇవ్వాలని చట్టం. మన కడుపు 14 రోజులు ఆగదు కదా.

అందుకే మనం చేయగలిగినవి చెప్తా.

ఒకటి, అడగండి. "అన్నా, అన్నం ఎప్పుడు వండిన్రు?" సిగ్గుపడాల్సిన పని లేదు. జవాబు తడబడితే ఆమ్లెట్, దోశ, అప్పటికప్పుడు చేసేది తినండి.

రెండు, బిల్లు తీసుకోండి. దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉండాలి, 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి. 1తో మొదలైతే లైసెన్స్, 2తో మొదలైతే చిన్న వ్యాపారం రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రం, మన తెలంగాణకి 36. ఎయిర్‌పోర్ట్ లోపలి కౌంటర్లకి మాత్రం సెంట్రల్ లైసెన్స్ కావాలి. కానీ గుర్తుపెట్టుకోండి, నంబర్ ఉందంటే పర్మిషన్ ఉందని అర్థం, ఈ రోజు అన్నం బాగుందని కాదు.

మూడు, తేడాగా అనిపిస్తే ఫొటో తీయండి, టైమ్ రాసుకోండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టండి, లేదా 1800112100కి కాల్ చేయండి. టోల్ ఫ్రీ. ఒంట్లో బాలేకపోతే ముందు డాక్టర్, తర్వాత కంప్లైంట్.

ఆఖరి మాట ఓనర్లకి. వండేవాళ్లకి ఏడాదికోసారి మెడికల్ చెకప్ చేయించాలని రూల్ ఉంది, అంటువ్యాధి ఉన్నవాళ్లు తిండి ముట్టుకోకూడదని కూడా ఉంది. కానీ మోషన్స్ అవుతున్న కుర్రాడు లీవ్ అడిగితే మీరు రోజు కూలి కట్ చేస్తే, వాడు పనికే వస్తాడు. గోడకి సర్టిఫికెట్ ఉంటుంది, వాడి చెయ్యి మాత్రం గిన్నెలోనే ఉంటుంది. ఆ ఒక్కరోజు కూలి ఇచ్చి వాడిని ఇంటికి పంపండి.

నా ఫ్రెండ్ ఇప్పుడు బండిలో డబ్బా పెట్టుకుని తిరుగుతున్నాడు. డబ్బా తెచ్చుకోలేని వాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. నైట్ డ్యూటీ చేసే మీవాళ్లకి ఈ వీడియో పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటా.