జబలె నూర్ ఎక్కి దిగినవాళ్ళ మాట



ఉమ్రాకు వెళ్ళి వచ్చిన మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు కోరారు. కాబా గురించి, మదీనా గురించి మీరు ఎన్నోసార్లు విన్నారు. మేము మక్కా పక్కనున్న జబలె నూర్ గురించి మాట్లాడతాం. హిరా గుహ ఉన్నది ఆ కొండ మీదే.

ముందే ఒక విషయం చెప్పాలి. ఈ కొండ ఎక్కడం హజ్‌లో గానీ, ఉమ్రాలో గానీ భాగం కాదు. ఎక్కకపోతే ఆరాధనలో ఏ లోటూ రాదు. అక్కడి రాళ్ళను ముద్దాడటం, మట్టి మూటగట్టుకోవడం ధర్మంలో లేవని ఉలమాలు చెబుతూనే ఉంటారు. అయినా "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా" అనే ఆశ అందరికీ ఉంటుంది. మాకూ ఉంది.

ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాం. మస్జిదె హరామ్ నుంచి కొండ అడుగుకు టాక్సీలో ఎంతోసేపు పట్టదు. అసలు కష్టం అక్కణ్ణించే. చెట్టూ నీడా లేని రాతి కొండ అది. మెట్లు వెయ్యికి పైమాటే. అన్నీ ఒక ఎత్తులో ఉండవు. మా బృందంలోని ఒక ఖాలా మోకాళ్ళ నొప్పితోనే పట్టుబట్టి వచ్చి, సగం దారిలో ఒక బండ మీద కూర్చుండిపోయారు. మాలో ఇద్దరు కుర్రాళ్ళు ఆమెను చెరో చెయ్యీ పట్టుకుని మెల్లగా కిందికి దింపారు. వాళ్ళిద్దరూ ఇక గుహ చూడనే లేదు.

శిఖరం మీద నిలబడితే మక్కా నగరమంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. గడియారపు స్తంభం దూరం నుంచే గుర్తుపడతాం. గుహ మాత్రం శిఖరం మీద లేదు. అవతలి వైపు కొంచెం దిగి, బండల మధ్య ఇరుకు సందులోంచి దూరి వెళ్ళాలి. లోపల ఇద్దరు ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. ఆనాడు నగరం సందడికి దూరంగా దైవప్రవక్త (సఅసం) తిండీ నీళ్ళూ వెంట తెచ్చుకుని, రోజుల తరబడి ఇక్కడే ధ్యానంలో ఉండేవారు. అవి అయిపోతే ఇంటికి వెళ్ళి, హజ్రత్ ఖదీజా (రజి) దగ్గర మళ్ళీ సర్దుకుని వచ్చేవారు. ఆ మెట్లు లేని కాలంలో! ఆయనకు 40వ ఏట, క్రీ.శ. 610లో, జిబ్రీల్ (అలై) తెచ్చిన మొదటి మాట 'ఇఖ్రా', అంటే చదువు, ఇక్కడే వినిపించింది.

ఆ తర్వాత జరిగింది మనం తక్కువగా తలుచుకుంటాం. ఆయన వణుకుతూ ఇంటికి చేరి, దుప్పటి కప్పమన్నారు. తన గురించి తనకే భయంగా ఉందన్నారు. అప్పుడు ధైర్యం చెప్పిన హజ్రత్ ఖదీజా (రజి) గుహలో గడిపిన రాత్రుల్ని ఎత్తలేదు. మీరు బంధుత్వాలు నిలుపుతారు, బలహీనుల బరువు మోస్తారు, లేనివారికి ఇస్తారు, అతిథిని ఆదరిస్తారు, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నడూ అవమానపరచడు అన్న అర్థంలో ఓదార్చారు. పదిహేనేళ్ళు కాపురం చేసిన ఇల్లాలి సాక్ష్యం అది. వితంతువుల పింఛన్లు, పిల్లల ఫీజులు చూసే మన సంఘంలో ఈ హదీసు తరచూ వినిపించాలని మా కోరిక.

ఆ ఇద్దరు కుర్రాళ్ళను "గుహ పోగొట్టుకున్నారే" అని బస్సులో కొందరు ఆటపట్టించారు. ఖాలా ఊరుకోలేదు. "నా బరువు మోసింది వీళ్ళేరా" అని అందరికీ వినబడేలా అన్నారు.

రాబోయే బృందానికి మా విన్నపం: కొండకు వెళ్ళదలిస్తే ఉమ్రా పూర్తయ్యాకే వెళ్ళండి. ఎండెక్కకముందే ఎక్కండి, మంచినీళ్ళు, రోజువారీ మందులు దగ్గరుంచుకోండి. వెంట నడిచే ఒక మనిషి లేకుండా పెద్దవారిని పంపకండి.