తగవుగా కనబడు వ్యాధి
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పంచాయతీ సభ్యుల యెదుట సుచిత్రలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు మీతో పలుమార్లు ముచ్చటించియున్నాము. ఈ దినమున గడప లోపలి విషయమొకటి మనవి చేయదలచితిమి. ఏలయన, అది తుదకు మీ రచ్చబండ కడకే వచ్చుచున్నది.

"పెండ్లియై మూడేండ్లయినది, సంతానము లేదు, కోడలు మగనిని దరి చేరనీయదు" అని అత్తింటివారు మొరపెట్టుకొందురు. ఆ కోడలు తలవంచుకొని యూరకుండును. పుట్టింటికి పంపుడని యొకరు, మారుమనువు చేయుడని యొకరు సలహా చెప్పుదురు. ఇట్టి తగవులలో కొన్నింటికి మూలము వైరము కాదు, వ్యాధి. దానిని వైద్యులు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, క్లుప్తముగా పి.సి.ఓ.ఎస్. అందురు.

దీనిని 1935లో చికాగో నగర వైద్యులు స్టైన్, లెవెంతాల్ అనువారు వర్ణించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము, సంతానము కలుగు వయస్సుననున్న స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది కలదు. వారిలో నూటికి 70 మంది వరకు తమకీ వ్యాధి యున్నదని యెరుగరు. హార్మోనుల సమతూకము తప్పుటచే అండము క్రమముగా విడుదల కాదు. నెలసరి తప్పును. ముఖమున రోమములు, మొటిమలు రావచ్చును. పలువురికి బరువు పెరుగును.

ఇరుగుపొరుగువారు నవ్వినచో ఆ స్త్రీ అద్దము చూచుకొనుటకే సిగ్గుపడును. దిగులు పట్టుకొనును. కొందరికి దాంపత్య వాంఛ తగ్గును, కొందరికి కలయిక బాధాకరమగును. సంతానము కొరకే దినములు లెక్కించి దరి చేరినచో అనురాగము పోయి, అది పరీక్షగా మారును. భర్త దానిని నిరాదరణ యని తలచును. ఇరువురును నోరు విప్పరు. అందరికి ఇట్లే యగునని కాదు. ఈ వ్యాధి యుండియు సుఖముగా కాపురము చేయువారు అనేకులు.

దీనిని సమూలముగా పోగొట్టు మందు లేదు, కాని అదుపులో నుంచవచ్చును. మితాహారము, వ్యాయామము, నెలసరిని సరిచేయు మందులు, అండము విడుదలకు వైద్యుని సలహాపై వాడు లెట్రోజోల్ మాత్రలు కలవు. చికిత్సతో తల్లులైనవారెందరో కలరు. రోగి మనోస్థితిని, దాంపత్య సుఖమును గూర్చి కూడ వైద్యులు విచారింపవలెనని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. మన రాష్ట్రమున 2023 మార్చి 8న ప్రారంభమైన ఆరోగ్య మహిళ కార్యక్రమమున ఈ వ్యాధిని కూడ చేర్చిరి.

ఇక మీరు చేయవలసినది. అప్పు చేసి పెద్ద ఆసుపత్రులకు పరుగిడక మునుపే, దంపతులిద్దరిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. సంతానలేమికి కారణము పురుషునియందును ఉండవచ్చును. ఆమెను నలుగురిలో ప్రశ్నింపకుడు. మహిళా సభ్యురాలో, ఆశా కార్యకర్తయో ఏకాంతమున మాటలాడి, గుట్టు కాపాడవలెను. ఇష్టము లేని కలయికకు ఎవరును బలవంతము చేయరాదు. భార్య యుండగా మారుమనువు 1955 నాటి హిందూ వివాహ చట్టము ననుసరించి చెల్లదు, శిక్షార్హము కూడ.

కనుక తీర్పు చెప్పుటకు పూర్వము "వైద్యునికి చూపితిరా?" యని యొక్క మాట అడుగుడు. దానితో ఒక కాపురము నిలువవచ్చును.